ప్రాజెక్ట్ మేనేజర్‌కి ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ ఎక్కడ పనికొస్తుంది?

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ముందు క్లుప్తంగా చెప్తాను. గచ్చిబౌలిలో ఒక విదేశీ బ్యాంకు జీసీసీలో (గ్లోబల్ కేపబిలిటీ సెంటర్, అంటే ఆ బ్యాంకు ఇక్కడ పెట్టుకున్న సొంత ఆఫీసు) ప్రాజెక్ట్ మేనేజర్‌గా ఉన్నారు. ఈ మధ్యే మీ కంపెనీలో ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ టీమ్ పెట్టారు, అంటే సంస్థలోని సిస్టమ్స్, డేటా అన్నీ ఎలా కలిసి నడుస్తున్నాయో చూసే టీమ్. ఇప్పుడు ప్రతి ప్రాజెక్టూ ఆర్కిటెక్చర్ రివ్యూ బోర్డు ముందుకు వెళ్లాలి, టెంప్లేట్లు నింపాలి, వాళ్ల సైన్‌ఆఫ్ లేకుండా బిల్డ్ మొదలుపెట్టకూడదు. గో-లైవ్ తేదీ (సిస్టమ్‌ను వాడుకలోకి తెచ్చే రోజు) మాత్రం కదలదు. వీళ్లవల్ల పని పెరగడమే కానీ తగ్గేది ఏమైనా ఉందా, టోగాఫ్ (ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్‌కి ఒక ప్రామాణిక పద్ధతి) సర్టిఫికేషన్ చేస్తే ఏమైనా లాభమా అన్నది మీ ప్రశ్న.

ఉపయోగం ఉంది. ప్లాన్ నిలబడుతుందా లేదా అన్నది తేల్చేంత ఉపయోగం ఉంది. అయితే మీరు ఇప్పుడు వాళ్లను కలుస్తున్న చోట అది దొరకదు. రివ్యూ బోర్డుకి వెళ్లేసరికి ఎస్టిమేట్ అయిపోయి ఉంటుంది, బడ్జెట్ వచ్చేసి ఉంటుంది, స్పాన్సర్‌కి తేదీ చెప్పేసి ఉంటారు. ఆ దశలో ఆర్కిటెక్ట్ ఎంత మంచి మాట చెప్పినా మీకు అది అడ్డంకిగానే వినిపిస్తుంది. అదే మాట ప్లాన్ రాయకముందు చెవిన పడితే టాస్క్ లిస్టులో ఒక వరుసగా చేరిపోతుంది. నేను మాదాపూర్, నానక్‌రామ్‌గూడ వైపు కంపెనీల్లో చాలాకాలం ప్రాజెక్టులు నడిపి, ఆ తర్వాత ఆర్కిటెక్చర్ టీమ్‌లోకి మారాను. రెండు వైపులా పని చేశాక నాకు గట్టిగా అనిపించేది ఇదే: ప్రాజెక్ట్ మేనేజర్‌కి ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ ఇచ్చే అసలు సాయం, తన ప్లాన్‌లో ఇంకా కనిపించని పనిని ముందుగా కనిపించేలా చేయడం. మిగతావన్నీ దాని తర్వాతే.

ఒక ఉదాహరణ కొంచెం దగ్గరగా చూపిస్తాను. ఒక ఇన్సూరెన్స్ కంపెనీ ప్రాజెక్టు. పాలసీదారులు తమ మొబైల్ నంబరును యాప్‌లోనే మార్చుకునే సౌకర్యం కావాలన్నారు. బ్రాంచికి వెళ్లి ఫారం నింపే శ్రమ తప్పుతుంది. చూడటానికి చిన్న పని. యాప్‌లో ఒక స్క్రీన్, ఒక ఓటీపీ, వెనకాల సీఆర్ఎమ్‌లో (కస్టమర్ వివరాలుండే సిస్టమ్) ఒక ఫీల్డ్ అప్‌డేట్. డెవలపర్ల ఎస్టిమేట్ కూడా అందుకు తగ్గట్టే వచ్చింది. ప్లాన్ ఖరారు చేసేముందు ఆ ప్రాజెక్ట్ మేనేజర్ వెళ్లి ఆర్కిటెక్ట్‌ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "సార్, కస్టమర్ మొబైల్ నంబరు మన దగ్గర ఎన్నిచోట్ల ఉంది?"

ఆయన ఇంటర్‌ఫేస్ కేటలాగ్ (ఏ సిస్టమ్ నుంచి ఏ సిస్టమ్‌కి ఏ డేటా వెళ్తుందో రాసిన జాబితా) తెరిచి చూపించారు. పాలసీ అడ్మిన్ సిస్టమ్‌లో ఉంది. సీఆర్ఎమ్‌లో ఉంది. క్లెయిమ్స్‌లో ఉంది. ప్రీమియం ఆటో-డెబిట్ చూసే పేమెంట్ సిస్టమ్‌లో ఉంది. ఏజెంట్ పోర్టల్‌లో, ఎస్ఎంఎస్‌లు పంపే వెండర్ దగ్గర, డేటా వేర్‌హౌస్‌లో కూడా ఉంది. వీటన్నిటిలోకీ నంబరుకి అసలు యజమాని పాలసీ అడ్మిన్ సిస్టమ్. రోజూ రాత్రి అక్కడినుంచి సీఆర్ఎమ్‌కి ఒక ఫైల్ వస్తుంది. సీఆర్ఎమ్‌లో ఏ నంబరున్నా చెరిపేసి ఫైల్‌లో ఉన్న నంబరు పెడుతుంది. అంటే కస్టమర్ మధ్యాహ్నం యాప్‌లో నంబరు మార్చుకుంటే, తెల్లారేసరికి పాత నంబరే మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ఇది టెస్టింగ్‌లో బయటపడేది కాదు. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో ఆ రాత్రి బ్యాచ్ నడవదు కదా. ప్రొడక్షన్‌కి వెళ్లాక, కస్టమర్లు ఫోన్ చేసి తిట్టాక తెలిసేది. పైగా వదిలేసిన సిమ్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో తెలియదు, క్లెయిమ్ ఓటీపీ అక్కడికి వెళ్లిందంటే అది సెక్యూరిటీ సమస్య అయి కూర్చుంటుంది. ఆ ఒక్క ప్రశ్నతో ప్లాన్ మొత్తం మారింది. మార్పు ముందు పాలసీ అడ్మిన్‌లో జరగాలి. అది వెండర్ ప్రొడక్టు. చేంజ్ రిక్వెస్ట్ పెట్టాలి, వాళ్లు మూడు నెలలకొకసారే రిలీజ్ ఇస్తారు. గో-లైవ్ తేదీని నిర్ణయించేది యాప్ టీమ్ వేగం కాదని, వెండర్ రిలీజ్ క్యాలెండర్ అని మొదటి వారంలోనే తేలిపోయింది. ఖర్చు పెరిగింది, తేదీ వెనక్కి వెళ్లింది. అయినా స్పాన్సర్ ఒప్పుకున్నారు. ఎందుకంటే డబ్బు ఇంకా ఖర్చు కాలేదు, తేదీ ఇంకా ఎవరికీ మాట ఇవ్వలేదు. ఇదే సంగతి గో-లైవ్‌కి రెండు వారాల ముందు తెలిసి ఉంటే ఆ మీటింగ్ ఎలా జరిగేదో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ అంటే బొమ్మలు గీయడం అనుకునేవాళ్లు ఎక్కువ. నిజానికి అది సంస్థ మొత్తానికి ఒక లెక్కల పుస్తకం. ఏ వ్యాపార పని ఏ అప్లికేషన్‌తో జరుగుతోంది, ఆ అప్లికేషన్‌లో ఏ డేటా ఉంది, అది ఏ సర్వర్ల మీద, ఏ క్లౌడ్‌లో నడుస్తోంది, ఎవరు దానికి జవాబుదారీ, ఇంకెన్నాళ్లు ఉంటుంది, దాని స్థానంలో ఏం రాబోతోంది. జాన్ జాక్‌మన్ 1987లో తన ఫ్రేమ్‌వర్క్ ప్రచురించినప్పటి నుంచి ఈ ఆలోచనకు ఒక రూపం ఉంది. ది ఓపెన్ గ్రూప్ అనే ప్రమాణాల సంస్థ 1995లో టోగాఫ్ తెచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది 2022లో వచ్చిన 10వ ఎడిషన్. ఈ చరిత్రతో మీకు పెద్దగా పని లేదు. బిజినెస్, డేటా, అప్లికేషన్, టెక్నాలజీ అనే నాలుగు పొరలు గుర్తుంటే చాలు. మీ ప్రాజెక్టు అప్లికేషన్ పొరలో మొదలైనా మిగతా మూడింటినీ తాకకుండా ఉండదు.

మన ఊరి సంగతే తీసుకోండి. హైదరాబాద్‌లో ఒక ఇంటికి కరెంటు కనెక్షన్‌కి యూఎస్‌సీ నంబరు ఉంటుంది, జలమండలి నీళ్ల కనెక్షన్‌కి క్యాన్ నంబరు ఉంటుంది, ఆస్తి పన్నుకి పీటీఐఎన్ ఉంటుంది. ఇల్లు ఒకటే, యజమాని ఒక్కరే. 2001లో ఈ-సేవ వచ్చాక ఈ బిల్లులన్నీ ఒకే కౌంటర్లో కట్టడం మనకు అలవాటైంది. కౌంటర్ ఒకటైనంత మాత్రాన వెనకాల రికార్డులు ఒకటి కాలేదు. ఇల్లు అమ్మినప్పుడు ఆ మూడు రికార్డుల్లోనూ పేరు మారాలి, ప్రతిదానికీ వేరే యజమాని, వేరే నియమం. "పేరు మార్పు ఒకేచోట" అని ఎవరైనా ప్రాజెక్టు మొదలుపెడితే స్క్రీన్ డిజైన్ చేయడం సులువు. ఆ మూడు నంబర్లు ఒకే ఇంటివని ఏ ఆధారంతో తేల్చాలి అన్న దగ్గరే అసలు పని ఉంటుంది. మీ బ్యాంకులో సేవింగ్స్ కస్టమర్ ఐడీ, కార్డు కస్టమర్ ఐడీ, లోన్ కస్టమర్ ఐడీ విడివిడిగా ఉంటే మీ పరిస్థితీ అదే. ఆ లెక్క ఆర్కిటెక్చర్ టీమ్ దగ్గర ఉండాలి. లేకపోతే ఆ లెక్క తేల్చే ఖర్చు మీ ప్రాజెక్టు మీదే పడుతుంది, మీకు చెప్పకుండానే.

టోగాఫ్ పద్ధతిలో దశలకు ఇంగ్లిష్ అక్షరాల పేర్లుంటాయి. ప్రాజెక్ట్ మేనేజర్లు పట్టించుకోవాల్సినవి ముఖ్యంగా ఇ, ఎఫ్, జి. ఇ, ఎఫ్ దశల్లో, ఇప్పుడున్న స్థితికీ చేరాల్సిన స్థితికీ మధ్య తేడాలను పని ముక్కలుగా విడదీసి, ఏది ముందు ఏది తర్వాత అని రోడ్‌మ్యాప్ వేస్తారు. ఆ పని ముక్కలే తర్వాత మీ ప్రాజెక్టులవుతాయి. జి దశలో, కట్టేది అనుకున్నట్టే కడుతున్నారా అని చూస్తారు. రివ్యూ బోర్డు ఉండేది అక్కడ. మీ కంపెనీలో మీరు ఇ, ఎఫ్ దశల్లో ఎక్కడా లేరు, నేరుగా జి దశలో బోర్డు ముందు నిలబడుతున్నారు. మీ ఇబ్బందికి సగం కారణం ఇదేనని నా అభిప్రాయం. రోడ్‌మ్యాప్ చర్చల్లో ప్రాజెక్ట్ మేనేజర్ల తరఫున ఒక్కరైనా కూర్చోవాలని మీ డెలివరీ హెడ్‌తో గట్టిగా అడిగించండి.

రోడ్‌మ్యాప్‌లో మీరు మరీ జాగ్రత్తగా చూడాల్సింది మధ్యంతర స్థితులు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ప్రాజెక్టులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పాత సిస్టమ్ తీసేసి కొత్తది పెట్టే పని ఏదీ ఒక్క రాత్రిలో జరగదు. ఒక ఫైనాన్స్ కంపెనీలో పాత లోన్ సిస్టమ్ మారుస్తున్నారనుకోండి. ముందు హోమ్ లోన్లు కొత్త సిస్టమ్‌కి వెళ్తాయి, వాహన రుణాలు ఇంకో ఎనిమిది నెలలు పాతదాంట్లోనే ఉంటాయి. ప్లాన్‌లో ఇది "ఫేజ్ 1, ఫేజ్ 2" అని రెండు గడుల్లో అందంగా ఉంటుంది. ఆ ఎనిమిది నెలలు సంస్థ ఎలా నడుస్తుందో ఒకసారి ఊహించండి. రెండు లోన్లూ ఉన్న కస్టమర్ ఫోన్ చేస్తే కాల్ సెంటర్ వాళ్లు రెండు స్క్రీన్లు చూడాలి. నెలాఖరున అకౌంట్స్‌కి రెండు సిస్టమ్స్ నుంచి ఎంట్రీలు రావాలి, రెండూ కలిపి లెక్క సరిపోవాలి. క్రెడిట్ బ్యూరోలకు డేటా ఇవ్వాలి. రిజర్వ్ బ్యాంక్ 2025 జనవరి 1 నుంచి దీన్ని నెలకు ఒకసారి కాకుండా పదిహేను రోజులకొకసారి ఇవ్వాలంది. అంటే రెండు సిస్టమ్స్ నుంచి తీసి, కలిపి, సరిచూసి పంపే పని నెలకు కనీసం రెండుసార్లు. కస్టమర్ చిరునామా ఒకచోట మార్చుకుంటే రెండోచోటా మారాలి, దానికి ఒక తాత్కాలిక ఇంటర్‌ఫేస్ కట్టాలి. ఎనిమిది నెలల తర్వాత దాన్ని తీసేయాలి.

తీసి పారేసే ఇంటర్‌ఫేస్‌కి ఖర్చు పెడతామంటే ఏ స్పాన్సర్‌కీ నచ్చదు. అందుకని దాన్ని ఎస్టిమేట్‌లో ఎవరూ రాయరు. రాయకపోయినా కట్టక తప్పదు. చివరికి టీమ్ శని, ఆదివారాలు కూర్చుని కడుతుంది. పాత సిస్టమ్ లైసెన్స్ ఇంకో ఏడాది పొడిగించాలి, దాన్ని చూసే సపోర్ట్ టీమ్ ఉండాలి, యూజర్లకు రెండుసార్లు ట్రైనింగ్ ఇవ్వాలి. పాతదాన్ని చివర్లో మూసేయడం కూడా ఒక పనే. పాత డేటా ఎక్కడ భద్రపరచాలి, ఎవరు చూడొచ్చు, ఆడిటర్ అడిగితే ఎలా తీయాలి అన్నవి తేల్చాలి. బిజినెస్ కేసులో చూపించిన పొదుపు మొత్తం ఆ పాత సిస్టమ్ మూతపడటం మీదే ఆధారపడి ఉంటుంది. ఆ మూసే పని మాత్రం ఏ ప్రాజెక్టు స్కోప్‌లోనూ ఉండదు. ఇలాంటివి పట్టుకోవడానికే టోగాఫ్‌లో ట్రాన్సిషన్ ఆర్కిటెక్చర్ అనే భావన ఉంది. ఆర్కిమేట్ అనే గీత పద్ధతిలో దీన్నే ప్లాటో అంటారు, అంటే కొంతకాలం నిలకడగా ఉండగలిగే ఒక మెట్టు. మీ ఆర్కిటెక్ట్‌ను ప్రతి మెట్టు గురించీ ఒక మాట అడగండి: ఇక్కడ బడ్జెట్ ఆగిపోతే సంస్థ ఇబ్బంది లేకుండా నడుస్తుందా? నడవదు అంటే ఆ ఫేజ్ విభజన సరిగా లేదు. అది సాంకేతిక తప్పు కంటే ముందు ప్లానింగ్ తప్పు, సరిదిద్దాల్సింది మీరూ ఆయనా కలిసి.

పక్క ప్రాజెక్టుల సంగతి. మీ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఆఫీసు దగ్గర అన్ని ప్రాజెక్టుల తేదీలూ ఉంటాయి, ఏ ప్రాజెక్టు ఏ సిస్టమ్‌ను ముట్టుకుంటుందో ఉండదు. ఆర్కిటెక్చర్ టీమ్ దగ్గర సిస్టమ్స్ ఉంటాయి, తేదీలుండవు. రెండూ కలిపి ఒక షీట్ చేస్తే చాలు. ఒకే పేమెంట్స్ ఇంజిన్ మీద ఒకే క్వార్టర్‌లో మూడు ప్రాజెక్టులు పని చేయబోతున్నాయని, వాటన్నిటికీ కలిపి ఒకే యూఏటీ ఎన్విరాన్‌మెంట్ (యూజర్లు పరీక్షించి చూసే చోటు) ఉందని అప్పుడు తెలుస్తుంది. ఎవరు ఏ వారాలు వాడుకోవాలో ముందే మాట్లాడుకోవచ్చు. ఇద్దరు మేనేజర్లు ఒకరికి తెలియకుండా ఒకరు ఈ-సైన్ కోసం వేర్వేరు వెండర్లతో బేరాలాడుతున్న సందర్భాలు కూడా ఇలాంటి షీట్‌లోనే దొరుకుతాయి.

రిస్క్ రిజిస్టర్‌కి కూడా ఆర్కిటెక్చర్ మంచి ఆధారం. మన రిస్క్ రిజిస్టర్లు చాలావరకు "కీలక వ్యక్తి వెళ్లిపోవచ్చు", "రిక్వైర్‌మెంట్లు మారొచ్చు" అన్న మాటలతో నిండి ఉంటాయి. ప్రతి ప్రాజెక్టుకీ అవే. టెక్నాలజీ పొరలోకి తొంగిచూస్తే తేదీతో సహా రిస్కులు దొరుకుతాయి. విండోస్ సర్వర్ 2012 ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ 2023 అక్టోబర్ 10తో ఆగిపోయింది. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో ఆగింది. సాప్ ఈసీసీ అనే పాత వ్యాపార సాఫ్ట్‌వేర్‌లోని కొత్త వెర్షన్లకు ప్రధాన మెయింటెనెన్స్ 2027 చివరి దాకానే. మీ ప్రాజెక్టు ఇంటర్‌ఫేస్ కట్టబోయే సిస్టమ్ ఇలాంటిదాని మీద కూర్చుని ఉంటే, మీరు గో-లైవ్ అయిన ఆరు నెలలకే వాళ్లు అప్‌గ్రేడ్ మొదలుపెడతారు, మీ టెస్టింగ్ మళ్లీ మొదటికొస్తుంది.

రెగ్యులేటర్ గడువులప్పుడు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. కార్డు నంబర్లు బ్యాంకులు, కార్డు నెట్‌వర్కులు తప్ప వేరెవరూ దాచుకోకూడదని రిజర్వ్ బ్యాంక్ పెట్టిన నియమం పలుమార్లు వాయిదా పడి 2022 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. టోకెన్ వ్యవస్థకు (కార్డు నంబరు బదులు వేరే కోడ్ వాడటం) మారడం ఒక ఎత్తు. పాత కార్డు నంబర్లు ఎక్కడెక్కడ పడి ఉన్నాయో వెతికి తీసేయడం ఇంకో ఎత్తు: రీఫండ్ టేబుల్స్‌లో, లాగ్ ఫైళ్లలో, కస్టమర్ సర్వీస్ స్క్రీన్లలో, ఎవరో ఎప్పుడో తీసుకున్న రిపోర్టుల్లో. డేటా ఎక్కడుందో రాసిపెట్టుకున్న సంస్థకు అది ఒక టాస్క్ లిస్ట్. రాసిపెట్టుకోని సంస్థకు అదొక గాలింపు, గాలింపుకి ఎవరూ ఎస్టిమేట్ ఇవ్వలేరు. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీలో లోపం బయటపడ్డప్పుడూ ఇదే. ప్యాచ్ వేయడానికి ముందు అందరూ వెతుక్కున్నది ఒక్క జవాబే: మన దగ్గర అది ఏయే సిస్టమ్స్‌లో ఉంది? 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం విషయంలోనూ ఇదే ప్రశ్న వస్తుంది. కస్టమర్ తన డేటా తీసేయమంటే, ఎక్కడెక్కడ తీయాలి?

ఇక మీ టెంప్లేట్ల బాధ. మీరు రాసిన టెంప్లేట్ నాకు చూడకుండానే కొంత తెలుసు, అన్నిచోట్లా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. దాన్ని బోర్డు కోసం నింపకండి, మీ ప్లాన్ కోసం నింపండి. ఇంటిగ్రేషన్ల పట్టిక ఉంటుంది కదా, దాంట్లో ప్రతి వరుసా మీ ప్లాన్‌లో కనీసం నాలుగు పనులు కావాలి: డిజైన్ ఒప్పందం, బిల్డ్, అవతలి టీమ్‌తో కలిపి టెస్టింగ్, ప్రొడక్షన్ యాక్సెస్. అవతలి టీమ్ పేరు రాసే గడి మీ డిపెండెన్సీ లాగ్. నాన్-ఫంక్షనల్ రిక్వైర్‌మెంట్ల (వేగం, భద్రత లాంటివి) పేజీ మీ పెర్ఫార్మెన్స్ టెస్ట్ ప్లాన్. ఇలా చూసుకుంటే రెండుసార్లు రాసే పని చాలావరకు పోతుంది. అయినా ఏ నిర్ణయానికీ పనికిరాని సెక్షన్లు కొన్ని మిగులుతాయి. వాటిని పట్టుకెళ్లి చీఫ్ ఆర్కిటెక్ట్‌కి చూపించి తీసేయమని అడగండి. చిన్న మార్పులకు వేరే దారి కూడా అడగండి. కొత్త ఇంటర్‌ఫేస్, కొత్త వెండర్, కొత్తగా పర్సనల్ డేటా, ఈ మూడింటిలో ఏదీ లేని ప్రాజెక్టుకి బోర్డు మీటింగ్ అక్కర్లేదు, ఒక మెయిల్ చాలు. మంచి ఆర్కిటెక్చర్ టీమ్ ఏదీ దీనికి కాదనదు. వాళ్లకూ టైమ్ లేదు.

తేదీ కదలదు, స్టాండర్డ్ పాటిస్తే తేదీ అందదు. ఇలాంటప్పుడు చాలామంది బోర్డుకి చెప్పకుండా పని కానిచ్చేస్తారు. అలా చేయకండి. మినహాయింపు అడగండి. టోగాఫ్‌లో దీనికి చోటుంది, దాన్ని డిస్పెన్సేషన్ అంటారు. దాంట్లో ఏ నియమం తప్పుతున్నారు, ఎందుకు, ఏ తేదీ దాకా, ఆ తేదీలోపు ఎవరు సరిచేస్తారు, ఎవరి బడ్జెట్ నుంచి అన్నవి రాయించి సంతకం తీసుకోండి. ఆఖరి రెండూ లేని మినహాయింపు కాగితం వల్ల ప్రయోజనం లేదు. ఉదాహరణకు, ఏపీఐ (సిస్టమ్స్ నేరుగా మాట్లాడుకునే దారి) ద్వారా వెళ్లాల్సిన డేటాను గడువు కోసం ఆరు నెలలు ఫైల్‌తో పంపుతారు. ఆరు నెలల తర్వాత ఏపీఐ కట్టే డబ్బు ఇప్పుడే మీ ప్రాజెక్టు బడ్జెట్‌లో విడిగా పెట్టించండి. అలా పెట్టించిన మేనేజర్ మాట తర్వాతి ప్రాజెక్టులో బోర్డు నమ్ముతుంది. నేను బోర్డులో కూర్చున్న రోజుల్లో, తప్పుతున్నామని ముందే వచ్చి చెప్పిన టీమ్‌కి మినహాయింపు ఇవ్వడానికి ఎప్పుడూ వెనకాడలేదు.

నిర్ణయాలు రాసిపెట్టే అలవాటు కూడా వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గది. ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్ అని ఒక పేజీ నోట్ ఉంటుంది. సందర్భం ఏంటి, ఏం నిర్ణయించాం, దానివల్ల వచ్చే పర్యవసానాలేంటి, అంతే. మైకేల్ నైగార్డ్ 2011లో దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఏడాది తర్వాత కొత్త స్పాన్సర్ వచ్చి "ఆ వెండర్‌ను ఎందుకు వద్దన్నారు?" అంటే ఆ పేజీ తీసి చూపించవచ్చు.

జీసీసీల్లో ఉండే ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. ఆర్కిటెక్చర్ నిర్ణయాలు హెడ్ ఆఫీసులో జరుగుతాయి, మనకు రాత్రి ఎనిమిదిన్నర కాల్‌లో తెలుస్తాయి. అందుకని మీటింగుల మీద ఆధారపడకండి. ఆర్కిటెక్చర్ వివరాలు దాచిపెట్టే రిపాజిటరీకి రీడ్ యాక్సెస్ అడగండి. లీన్‌ఐఎక్స్ కావచ్చు, సర్వీస్‌నౌలో ఉన్న సీఎండీబీ కావచ్చు, స్పార్క్స్ కావచ్చు. యాక్సెస్ వచ్చాక మీ ప్రాజెక్టు తాకే సిస్టమ్స్ ఒక్కొక్కటీ తెరిచి, ఓనర్ పేరు, చివరిగా అప్‌డేట్ చేసిన తేదీ చూడండి. రెండేళ్ల కిందటి తేదీ ఉంటే ఆ బొమ్మను నమ్మకండి. హైదరాబాద్‌లోనే కూర్చునే ఎల్3 సపోర్ట్ వాళ్లను (సిస్టమ్ లోపలి సమస్యలు సరిచేసే టీమ్), రాత్రి బ్యాచ్ జాబ్‌లు చూసేవాళ్లను పట్టుకోండి. కేటలాగ్‌లో లేని ఫైల్ ట్రాన్స్‌ఫర్లు వాళ్లకు నోటికి వచ్చు. వాళ్లతో ఒక పూట కూర్చుంటే బయటపడే డిపెండెన్సీలు ఏ డాక్యుమెంట్‌లోనూ ఉండవు. మీరు కనుక్కున్నది తిరిగి ఆర్కిటెక్ట్‌కి పంపండి. ప్రాజెక్ట్ క్లోజర్ చెక్‌లిస్ట్‌లో "కేటలాగ్ అప్‌డేట్" అని ఒక టాస్క్ పెట్టి, దానికి ఒక మనిషినీ ఒక రోజునూ కేటాయించండి. ప్రాజెక్టులు తిరిగి ఇవ్వకపోతే ఆ కేటలాగ్ ఏడాదిలో పాతబడుతుంది. "ఆర్కిటెక్ట్‌ల బొమ్మలు ఎప్పుడూ పాతవే" అని మనం అనేదాంట్లో మన వాటా కూడా ఉంది.

సర్వీసెస్ కంపెనీలో ఉండి క్లయింట్‌కి పని చేసేవాళ్లు దీన్ని చదువుతుంటే వాళ్లకొక మాట: ఎస్ఓడబ్ల్యూ (చేయాల్సిన పని రాసిన ఒప్పందం) మీద సంతకం పెట్టకముందే క్లయింట్ ఆర్కిటెక్చర్ స్టాండర్డ్స్ తెప్పించుకోండి. ఇవ్వకపోతే, మీరు ఏ అంచనాల మీద ఎస్టిమేట్ వేశారో అసంప్షన్లలో రాయండి. తర్వాత బోర్డు డేటాబేస్ మార్చమంటే అది చేంజ్ రిక్వెస్ట్ అవుతుంది. రాయకపోతే మీ మార్జిన్‌లోంచి పోతుంది. ప్రభుత్వ ప్రాజెక్టుల బిడ్లు చూసేవాళ్లు కేంద్ర ఐటీ మంత్రిత్వ శాఖ 2018లో తెచ్చిన ఇండియా ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ ఫ్రేమ్‌వర్క్‌ను ఒకసారి చదవడం మంచిది.

ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్‌తో పరిష్కారం కానివి కూడా చాలా ఉన్నాయి. టీమ్‌లో మనుషులు సరిపోకపోతే, స్పాన్సర్ వారానికో మాట మారుస్తుంటే ఆర్కిటెక్ట్ ఏమీ చేయలేరు. మీ అప్లికేషన్ లోపలి డిజైన్ కూడా వాళ్ల పని కాదు, అది సొల్యూషన్ ఆర్కిటెక్ట్‌ది, టెక్ లీడ్‌ది. సొల్యూషన్ ఆర్కిటెక్ట్, ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ ఇద్దరూ ఒకటే అనుకుని ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్ట్ దగ్గర క్లాస్ డయాగ్రామ్‌లు పెట్టుకుని కూర్చుంటే ఇద్దరికీ విసుగే మిగులుతుంది. ఆయనతో అరగంట దొరికితే ఇవి అడగండి: నా ప్రాజెక్టు తాకే డేటాకి అసలు యజమాని ఎవరు? నేను తాకే సిస్టమ్స్‌ను ఇదే కాలంలో ఇంకెవరు మారుస్తున్నారు? వీటిలో రెండేళ్లలో మూతపడేవి ఏవి? నేను తెలియకుండా తప్పబోతున్న నియమం ఏదైనా ఉందా? ఇప్పుడు నడుస్తున్న ప్రాజెక్టు బిల్డ్‌లో ఉన్నా పర్లేదు, ఈ వారమే అడగండి. మిగిలిన టెస్టింగ్ ప్లాన్ అయినా సరిదిద్దుకోవచ్చు.

సర్టిఫికేషన్ గురించి. ప్రాజెక్ట్ మేనేజర్‌గానే కొనసాగాలనుకుంటే టోగాఫ్ పరీక్ష తప్పనిసరి కాదు. ది ఓపెన్ గ్రూప్ సైట్‌లో స్టాండర్డ్‌ను ఆన్‌లైన్‌లో ఉచితంగానే చదవొచ్చు. నేను పైన చెప్పిన ఇ, ఎఫ్, జి దశలు, మైగ్రేషన్ ప్లానింగ్ మీద ఉన్న భాగాలు చదవండి. ఆర్కిటెక్ట్‌లతో మాట్లాడటానికి అవి చాలు. ప్రోగ్రామ్ మేనేజ్‌మెంట్ వైపో, ఆర్కిటెక్చర్ వైపో మారాలని ఉంటే ఫౌండేషన్ పరీక్ష రాయండి, కానీ ముందు మీ సొంత ప్రాజెక్టుకి ఒక పేజీ కాంటెక్స్ట్ డయాగ్రామ్ గీసి ఎల్3 వాళ్లతో సరిచూపించుకోండి. మధ్యలో మీ అప్లికేషన్, చుట్టూ అది మాట్లాడే సిస్టమ్స్, ప్రతి గీత మీద ఏ డేటా వెళ్తుంది, ఎంత తరచుగా వెళ్తుంది, అవతల ఎవరిని పిలవాలి. వచ్చే రివ్యూకి వెళ్లేటప్పుడు టెంప్లేట్‌తో పాటు ఆ పేజీ కూడా పట్టుకెళ్లండి, బోర్డు చర్చ చాలావరకు దాని మీదే నడుస్తుంది.